సిరీస్ బల్బు తెలిసిన అమ్మాయికి ఏ గ్రూపు? ఒక కేసు

2023 మే నెల. పదో తరగతి ఫలితాలు వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, మా కాలేజీ వరండాలో ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒక అమ్మాయి, వాళ్ల నాన్న, మేనమామ. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌ని. అడ్మిషన్ల సీజన్‌లో 'ఏ గ్రూపు తీసుకోవాలి' అని అడిగేవాళ్లకు సమాధానం చెప్పే పని ఇరవై ఏళ్లుగా నాకే పడుతోంది. చాలామందికి పది నిమిషాల్లో చెప్పి పంపిస్తాను. ఈ అమ్మాయి విషయంలో మూడేళ్లు పట్టింది. అందులో నేను సరిగ్గా చెప్పినవీ ఉన్నాయి, తప్పు చెప్పి ఆమెకు నష్టం చేసినదీ ఉంది. వాళ్ల నాన్న ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టకుండా ఒకట్రెండు వివరాలు మార్చాను.

నాన్నకు మండల కేంద్రంలో మోటార్ వైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్లు, కూలర్ పంపులు, మిక్సీలు కూడా చేస్తాడు. అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. జీపీఏ 9.3. సైన్స్‌లో 10, లెక్కల్లో 8. సమస్యంతా ఆ 8 దగ్గరే మొదలైంది.

"సార్, అందరు తలా ఒక తీరు చెప్తున్నరు" అన్నాడు నాన్న. "బిడ్డను ఇంజనీర్‌ను చెయ్యాలని నాకున్నది. లెక్కలల్ల తక్కువ వచ్చినయి కదా, ఎంపీసీ ఎక్కియ్యొచ్చునా?"

ఇంట్లో అప్పటికే నాలుగు అభిప్రాయాలు ఉన్నాయి. బడిలో జీవశాస్త్రం టీచర్ బైపీసీ అన్నారు, అమ్మాయి గీసిన గుండె బొమ్మ, నెఫ్రాన్ బొమ్మ రికార్డులో చూసి. వాళ్లమ్మకు నర్సింగ్ అయితే ఉద్యోగం ఖాయమని నమ్మకం. నాన్నకు మనసులో పాలిటెక్నిక్ ఉంది, ట్రిపుల్‌ఈ డిప్లొమా. పాలిసెట్ కట్టించాడు కూడా. మేనమామ హైదరాబాద్‌లో ఉంటాడు. ఆయన ఫోన్‌లో ఒక వార్త దాచుకొని వచ్చాడు. "ఇంజనీరింగ్‌కు లెక్కలు అక్కర్లేదంట కదా సార్. బైపీసీ చేసి కూడా కంప్యూటర్స్ చెయ్యొచ్చంట. రెండు చేతుల ఉంటది గదా."

ముందు ఆ వార్త సంగతి. అది పూర్తిగా అబద్ధం కాదు. 2021లో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ తన అప్రూవల్ హ్యాండ్‌బుక్‌లో 14 సబ్జెక్టుల పట్టిక ఇచ్చి, వాటిలో ఏ మూడింటితోనైనా ఇంజనీరింగ్‌లో చేర్చుకోవచ్చని రాసింది. దేశమంతా గోల అయింది. కానీ ఆ మాట యూనివర్సిటీలకు ఇచ్చిన వెసులుబాటు మాత్రమే. మన దగ్గర ఇంజనీరింగ్ సీటు ఇచ్చేది ఎంసెట్. ఇప్పుడు పేరు ఎప్‌సెట్. అందులో 160 ప్రశ్నలుంటే 80 లెక్కలవే. మిగతా 80 ఫిజిక్స్‌కు, కెమిస్ట్రీకి చెరి సగం. బైపీసీ వాళ్లకు ఎప్‌సెట్‌లో వేరే విభాగం ఉంది. ఆ దారిలో ఫార్మసీ, బయోటెక్నాలజీ లాంటివి దొరుకుతాయి గానీ కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రికల్, సివిల్ దొరకవు. బైపీసీ పాసయ్యాక లెక్కలు అదనపు సబ్జెక్టుగా కట్టి రాసే వీలు ఇంటర్ బోర్డులో ఉంది. ఒక అబ్బాయి అలా రాయడం దగ్గరుండి చూశాను. రెండేళ్ల లెక్కలు నాలుగు పేపర్లు ఒక్క ఏడాదిలో, క్లాసులు లేకుండా. పాసయ్యాడు, కానీ ఆ ఏడాది వాడి ముఖంలో నవ్వు చూడలేదు. అది ముందే వేసుకునే ప్లాన్ కాదు. దారి తప్పినవాళ్లు వెనక్కి వచ్చే సందు.

ఇంకొకటి ఎవరికీ గుర్తుండదు. లెక్కలంటే భయపడి బైపీసీకి వెళ్లినా ఫిజిక్స్ పేపర్ రెండు గ్రూపులకూ ఒకటే. మెడికల్‌కో నర్సింగ్‌కో వెళ్లే పిల్లలకు అది వేరే సంగతి. లెక్కలు తప్పించుకుందామని మాత్రమే అటు వెళ్తే, తప్పించుకున్నది సగమే. ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) గురించి కూడా కొందరు అడుగుతారు, 'అందులో లెక్కలున్నాయి కదా' అని. ఫిజిక్స్, కెమిస్ట్రీ లేవు కాబట్టి బీటెక్ తలుపు మూసుకుపోతుంది. అంతే.

అమ్మాయిని అడిగాను, నీకేది ఇష్టమమ్మా అని. "ఏదైనా సరే సార్" అంది. పదో తరగతి పిల్లల్లో పదికి తొమ్మిది మంది ఇదే అంటారు. ఆ మాట మీద గ్రూపు నిర్ణయించలేం. అందుకే అలాంటప్పుడు నేను మార్కుల మెమో పక్కన పెట్టి ఒక గంట కూర్చోబెడతాను. పుస్తకంలో లేని లెక్కలు మూడు ఇస్తాను. సరైన జవాబు నాకు ముఖ్యం కాదు. రాకపోయినా ఎంతసేపు దానితో కూర్చుంటుందో, ఎక్కడ ఆగుతుందో చూస్తాను.

మూడు లెక్కలు

మొదటిది బల్బులది. 60 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు సిరీస్‌లో కలిపి కరెంటు ఇస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది? మా ఫస్టియర్ పిల్లల్లో సగం మంది తడుముకోకుండా వంద అంటారు. ఈ అమ్మాయి ఒక నిమిషం ఊరుకుని, "అరవైది" అంది. ఎలా తెలుసంటే సూత్రం చెప్పలేదు. "షాపుల సిరీస్ బల్బు పెట్టి మోటార్ చూస్తం సార్. చిన్న బల్బు పెడితే అదే మండుతది" అంది. మోటార్ బాడీకి కరెంటు కొడుతోందా, కాయిల్ తెగిందా అని వైండింగ్ షాపుల్లో బల్బును సిరీస్‌లో పెట్టి చూస్తారు. ఆ పని ఈ పిల్ల ఎనిమిదో తరగతి నుంచి చేస్తోంది. అరవై వాట్ల బల్బు నిరోధం 230 వోల్టుల దగ్గర దాదాపు 880 ఓములు, వందది 530. ఒకే కరెంటు రెండింట్లో పోతుంటే నిరోధం ఎక్కువున్నదే ఎక్కువ వెలగాలి. ఇది రాసి చూపిస్తే ఆశ్చర్యపోయింది. బడిలో చదివిన 'శ్రేణి సంధానం', షాపులో నాన్న అనే 'సిరీస్' రెండూ ఒకటేనని అప్పటిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రెండోది తేలిక లెక్క అనుకొని ఇచ్చాను. 6 ఓములు, 3 ఓములు పారలల్‌లో ఉంటే మొత్తం ఎంత? ఒకటి బై ఆర్ సూత్రం సరిగ్గా రాసింది. తర్వాతి వరసలో ఆర్ ఈజీక్వల్టు తొమ్మిది అని తేల్చింది. అంటే 1/6, 1/3 కలిపి దాన్ని తిరగేయడానికి బదులు కింది అంకెలనే కూడేసింది.

"రెండు బల్బులు పారలల్‌ల పెడితే కరెంటు ఎక్కువ లాగుతదా, తక్కువనా?"

"ఎక్కువ."

"అయితే నిరోధం?"

"తగ్గాలె." ఒక్క క్షణం ఆగి తను రాసిన తొమ్మిదిని చూసుకుంది. నేనేమీ అనకముందే కొట్టేసి మళ్లీ చేసి రెండు తెచ్చింది.

లెక్కల్లో 8 ఎందుకొచ్చిందో నాకు అక్కడ అర్థమైంది. చేతికి తెలుసు, కాగితానికి తెలియదు. బీజగణితంలో చేయి తిరగలేదు. భిన్నాలు, గుర్తులు, బ్రాకెట్లు విప్పడం దగ్గర తడబడుతోంది. ఇది తక్కువ జబ్బేం కాదు. ఎంపీసీలో చేరి ఫస్టియర్ ఫెయిలయ్యే పిల్లల పేపర్లు తీసి చూడండి, మాత్రికలు అర్థంకాక పోయినవాళ్లు తక్కువ, మైనస్ గుర్తు మింగేసి పోయినవాళ్లు ఎక్కువ. కానీ ఇది నయమయ్యే జబ్బు.

మూడోది ట్యాంకు లెక్క. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గుండ్రటి ట్యాంకు. మోటార్ నిమిషానికి 100 లీటర్లు పోస్తుంది. అడుగున నల్లా విప్పి ఉంది, అది నిమిషానికి 30 లీటర్లు వదులుతుంది. ఎంతసేపటికి నిండుతుంది? ఘనపరిమాణం తొమ్మిది వేల నాలుగు వందల చిల్లర లీటర్లు, దాన్ని 70తో భాగిస్తే రెండుంపావు గంటలు. ఇంతే నేను అడిగింది. గుణకారంలో ఒక తప్పు చేసి, దిద్దుకొని, జవాబు తెచ్చింది. పెన్ను కింద పెట్టలేదు.

"సార్, ట్యాంకు నిండుతున్న కొద్ది కింద నల్లా గట్టిగ పోస్తది గదా. ముప్పయ్యే ఎట్లుంటది?"

ఇరవై ఏళ్లుగా ఈ లెక్క ఇస్తున్నాను. ఈ ప్రశ్న వేసినవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆమె అడిగినదానికి జవాబు సెకండియర్ లెక్కల టూ-బీ పుస్తకం చివరి అధ్యాయంలో ఉంటుంది, అవకలన సమీకరణాలు. మేనమామకు ఈ సంభాషణ బోరు కొట్టి బయటికి వెళ్లి ఫోన్ చూసుకుంటున్నాడు. నేను నాన్నతో అన్నాను, ఎంపీసీ ఎక్కించమని.

డిప్లొమా ఎందుకు వద్దన్నాను

నిజానికి ఇక్కడే ఎక్కువసేపు మాట్లాడుకున్నాం, ఎందుకంటే నాన్న వాదనలో పస ఉంది. పాలిసెట్ ర్యాంకుతో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ట్రిపుల్‌ఈ వచ్చే అవకాశం ఉంది. మూడేళ్లలో చేతికి ఒక సర్టిఫికెట్ వస్తుంది. ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరొచ్చు. ఈసెట్ 200 మార్కుల్లో వంద సొంత బ్రాంచికే, లెక్కలకు 50, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరి 25. షాపులో పెరిగిన పిల్లకు ఇది సరిగ్గా సరిపోతుంది కదా?

నా అభ్యంతరం రెండు మాటల్లో చెప్తాను. ఈసెట్ దారిలో బీటెక్ సీట్లు తక్కువ, పదో వంతు అదనపు సీట్లు ఉంటాయి. ఇది చిన్న అభ్యంతరం. పెద్దది, ఈ పిల్లకు షాపు పని ఇప్పటికే వచ్చు. రానిది కాగితం పని. డిప్లొమా ఆమెకు వచ్చినదాన్నే ఇంకాస్త బాగా నేర్పుతుంది, రానిదాన్ని తేలికగా దాటిస్తుంది. బీటెక్ రెండో ఏడాదిలో నెట్‌వర్క్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ వచ్చినప్పుడు ఆ లోటు ఒక్కసారిగా బయటపడుతుంది. ఇంట్లో సంపాదన వెంటనే కావాల్సి ఉంటే నేను డిప్లొమాయే చెప్పేవాణ్ని, ఇంకో అబ్బాయికి అలాగే చెప్పాను, వాడిప్పుడు ఒక సబ్‌స్టేషన్‌లో పని చేస్తున్నాడు. "ఇంకో రెండు మూడేండ్లు షాపు నేనే నడుపుత సార్, దాని సంపాదన మీద మేం లేము" అని నాన్న అన్నాకే ఆ దారి పక్కన పెట్టాం.

బాసర ట్రిపుల్‌ఐటీకి దరఖాస్తు పెట్టించాను. ఆరేళ్ల కోర్సు, మొదటి రెండేళ్లు ఇంటర్‌తో సమానం, ప్రవేశం అప్పట్లో పదో తరగతి గ్రేడ్ల మీద. ప్రభుత్వ బడి పిల్లలకు 0.4 కలిపేవారు. ఆమెకు 9.7 అయింది. సీటు రాలేదు. మేనమామ చెప్పిన హైదరాబాద్ హాస్టల్ కాలేజీకి ఏడాదికి లక్ష దాటే ఖర్చు. వాళ్ల పీఆర్వో ఇంటికి వచ్చి వెళ్లాడు. ఆ లక్ష అప్పు తెచ్చి కట్టే ముందు మా కాలేజీలో ఫీజు లేదని, పుస్తకాలు కూడా ఇస్తామని చెప్పాను. నా కాలేజీ కాబట్టి పొగుడుతున్నాననుకోవద్దు, మా దగ్గర ఆ ఏడాది ఫిజిక్స్ పోస్టు సెప్టెంబర్ దాకా ఖాళీగా ఉంది. అది కూడా చెప్పాను.

సంస్కృతం

అడ్మిషన్ ఫారంలో రెండో భాష గడి దగ్గర పేచీ వచ్చింది. మేనమామ సంస్కృతం వెయ్యమన్నాడు. "నూటికి తొంభై తొమ్మిది వస్తయి బావా, పర్సంటేజీ పెరుగుతది."

ఇది మన రెండు రాష్ట్రాల్లో ఇంటింటి కథ. తెలుగు పాఠం చక్కగా చదివే పిల్లలు అక్షరాలు కూడా రాని భాషను మార్కుల కోసం ఎంచుకుంటారు. నాకు సంస్కృతం మీద కోపం లేదు, ఆ భాష మీద ప్రేమతో తీసుకుంటే దండం పెడతాను. ఇంజనీరింగ్ కోసమే అయితే లెక్క చూడండి. తెలంగాణలో 2023 నుంచి ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీయే లేదు. ఆంధ్రాలో 25 శాతం ఉంది గానీ, అది లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులకే. భాషల్లో 99 వచ్చినా 79 వచ్చినా ఎప్‌సెట్ ర్యాంకు కదలదు. ఎన్‌ఐటీ, ఐఐటీలకు వెళ్లేవాళ్లకు ఇంటర్‌లో 75 శాతం ఉండాలన్న నిబంధన ఉంది, ఎస్సీ, ఎస్టీలకు 65. ఆ అంచున ఉండే పిల్లలకు భాష మార్కులు పనికొస్తాయి, నిజమే. ఈ అమ్మాయి ఆ అంచున లేదు. తెలుగే వేయించాను. తర్వాత దానివల్ల అనుకోని లాభం ఒకటి జరిగింది, చెప్తాను.

జూన్ నుంచి ఏం చేశాం

ఆరు వారాలు పొద్దున గంట చొప్పున కూర్చోబెట్టాను. కొత్త పాఠం ఏమీ లేదు. భిన్నాలు, ఘాతాంకాలు, కారణాంకాలు, వర్గ సమీకరణాలు. ఒకే పని పదిసార్లు. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ దగ్గర మధ్య పదం మర్చిపోవడం మానడానికే పది రోజులు పట్టింది. ఆఖరి రెండు వారాలు అవకలనం మొదలుపెట్టాను. ఇది కావాలనే చేశాను. మన ఫస్టియర్‌లో ఒక చిక్కు ఉంది, ఎవరూ పట్టించుకోరు. ఫిజిక్స్‌లో రెండో నెలలోనే సరళరేఖలో చలనం వస్తుంది, అక్కడే డీఎక్స్ బై డీటీ వాడతారు. లెక్కల్లో అవకలనం వన్-బీ పుస్తకం చివర్లో ఉంటుంది, చాలా కాలేజీల్లో దీపావళి దాటాకే వస్తుంది. అంటే మూడు నాలుగు నెలలు పిల్లలు అర్థంకాని గుర్తులను బొమ్మల్లా దించుకుంటారు. ఆపై ఫిజిక్స్ కష్టమని ముద్ర వేసుకుంటారు. ఆలస్యంగా వస్తున్నది లెక్క, కష్టమన్న పేరు పడుతున్నది ఫిజిక్స్‌కు. ఎంపీసీలో చేరే ఏ పిల్లకైనా నేను చెప్పేది ఇదే: వేసవిలో అవకలనం, సదిశలు పది రోజులు చూసుకొని రా. జేఈఈ పుస్తకాలు అక్కర్లేదు, తెలుగు అకాడమీ పుస్తకంలో ఉన్నంత చాలు.

తెలుగు నుంచి ఇంగ్లిష్ మీడియంకు మారుతోంది కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టించాను. ఎడమ పక్క తెలుగు మాట, కుడి పక్క ఇంగ్లిష్ మాట. త్వరణం, యాక్సిలరేషన్. ద్రవ్యవేగం, మొమెంటమ్. ప్రమేయం, ఫంక్షన్. రెండొందల మాటలు ఆగస్టు కల్లా వచ్చేశాయి. ఇక భాష సమస్య తీరిందనుకున్నాను. తీరలేదు.

అక్టోబర్ యూనిట్ టెస్టులో ఆమె పేపర్ చూస్తే పదాలన్నీ సరిగ్గా ఉన్నాయి, జవాబులు మాత్రం వేరే ప్రశ్నలకు. దగ్గర కూర్చోబెట్టి ప్రశ్న చదివించాను. ప్రతి పెద్ద మాటా తెలుసు. తెలియనివి చిన్న మాటలు. 'సచ్ దట్', 'అట్‌లీస్ట్', 'నాట్ మోర్ దాన్', 'రెస్పెక్టివ్లీ', 'హెన్స్'. 'అట్‌లీస్ట్ టూ' అంటే సరిగ్గా రెండు అనుకుంది. 'రెస్పెక్టివ్లీ' అన్న మాటను వదిలేసి రెండు విలువలను తారుమారు చేసింది. లెక్కంతా నడిచేది ఆ చిన్న మాటల మీదే, ఏ పారిభాషిక పదకోశంలోనూ అవి ఉండవు. నేనూ పెట్టలేదు.

అప్పుడు తెలుగు అక్కరకొచ్చింది. మా తెలుగు లెక్చరర్ మేడమ్‌ని సాయం అడిగాను. ఆవిడ తన పీరియడ్‌లో ఇద్దరు ముగ్గురు తెలుగు మీడియం పిల్లలకు వాక్యం విడగొట్టడం నేర్పారు. కర్త ఏది, షరతు ఏది, అడిగింది ఏది. పద్యానికి అన్వయం రాసినట్టు లెక్కల ప్రశ్నకు అన్వయం రాయడం. 'కనీసం రెండు', 'రెండుకు మించకుండా', 'వరుసగా' అని ముందు తెలుగులో రాసుకొని తర్వాత లెక్క మొదలుపెట్టేది. డిసెంబర్‌కల్లా రాసుకోవడం మానేసింది, అవసరం లేకపోయింది. సంస్కృతం గదిలో కూర్చుని ఉంటే ఈ మేడమ్ ఆమెకు దొరికేది కాదు.

ప్రాక్టికల్స్ గురించి ఒక్క ముచ్చట. కొన్ని కాలేజీల్లో ల్యాబ్ తలుపు సెకండియర్ ఫిబ్రవరిలోనే తీస్తారు, ముప్పై మార్కులు ఎలాగూ పడతాయని. మా ల్యాబ్‌లో స్క్రూగేజీతో తీగ మందం కొలిచే ప్రయోగం ఉంది. ఈ అమ్మాయి షాపు నుంచి 22 గేజ్ రాగి తీగ ముక్క తెచ్చి, పైపూత గీకి కొలిచింది. 0.71 మిల్లీమీటర్లు వచ్చింది. గేజ్ అంటే ఒక నంబరు అని మాత్రమే తెలిసిన పిల్లకు దాని వెనక ఒక కొలత ఉందని ఆ రోజు తెలిసింది. ఆ సాయంత్రం షాపులో ఉన్న తీగలన్నీ కొలిచి పట్టిక రాసిందట. నాన్న ఆ పట్టికను గోడకు అంటించాడు.

నేను చెప్పిన తప్పు

ఇక్కడిదాకా చదివితే నేనేదో గొప్పగా నడిపించానని అనిపించొచ్చు. జూన్‌లోనే ఆమెతో ఒక మాట అన్నాను. "కెమిస్ట్రీ బట్టీ సబ్జెక్టమ్మా, జనవరిలో పట్టుకుంటే చాలు. ఇప్పుడు లెక్కల మీద ఉండు."

లెక్కల మాస్టార్లందరికీ ఉండే రోగం ఇది. మన సబ్జెక్టు ఒక్కటే ఆలోచన, మిగతావన్నీ జ్ఞాపకం అనుకుంటాం. మోల్ భావన, స్టాయికియోమెట్రీ మొదటి నెలల్లో వదిలేస్తే తర్వాత ఉష్ణగతిక శాస్త్రం, సమతాస్థితి, సెకండియర్‌లో విద్యుత్ రసాయనశాస్త్రం ఏవీ పట్టు దొరకవు. ఆమెకు దొరకలేదు. బోర్డు పరీక్షలో పర్వాలేదు, ముఖ్యమైన ప్రశ్నలు చదివి గట్టెక్కింది. 2025 ఎప్‌సెట్‌లో లెక్కల్లో 80కి 46, ఫిజిక్స్‌లో 40కి 25, కెమిస్ట్రీలో 40కి 14. ర్యాంకు పదకొండు వేల చిల్లర.

తెలంగాణలో బీసీ పిల్లలకు ర్యాంకు 10,000 లోపు వస్తే ప్రభుత్వం పూర్తి ఫీజు కడుతుంది. దాటితే సాధారణంగా 35,000 రూపాయల వరకే. ఆ అమ్మాయి బీసీ. కెమిస్ట్రీలో ఇంకో ఐదారు ప్రశ్నలు వచ్చి ఉంటే లోపలే ఉండేదని నా నమ్మకం. మూడు గంటల్లో 160 ప్రశ్నల పరీక్షలో కెమిస్ట్రీ ప్రశ్నలకే తక్కువ సమయం పడుతుంది, వచ్చినవాళ్లకు. నెగెటివ్ మార్కులు కూడా లేవు. ఆ మిగతా ఫీజు ఏటా నాన్న షాపు నుంచి పోతోంది. నేను వెళ్లి క్షమాపణ చెప్పాను. "మీరు లేకుంటే ఇంతవరకు కూడ రాకపోవు సార్" అన్నాడాయన. అది నాకు ఓదార్పు కాలేదు. ఆ ఏడాది నుంచి మా కాలేజీలో గ్రూపు గురించి అడగడానికి ఎవరొచ్చినా కెమిస్ట్రీ లెక్చరర్ పక్కన కూర్చుంటేనే మాట్లాడుతున్నాను.

కౌన్సెలింగ్‌లో ఇంకో పేచీ. మేనమామ సీఎస్‌ఈ అన్నాడు. ఆ ర్యాంకుకు దూరంగా ఉన్న ఒక కాలేజీలో సీఎస్‌ఈ, దగ్గర్లో కాస్త మంచి కాలేజీలో ట్రిపుల్‌ఈ వస్తున్నాయి. ఈసారి నేనేమీ చెప్పలేదు. "ట్రిపుల్‌ఈ" అని అమ్మాయే అంది. రెండేళ్ల కింద "ఏదైనా సరే" అన్న పిల్ల.

బీటెక్‌లో ఏది పనికొచ్చింది

మొదటి సెమిస్టర్ అయ్యాక సంక్రాంతికి వచ్చినప్పుడు ఇదే అడిగాను. మాట్రిసెస్ అండ్ కాల్‌క్యులస్ పేపర్ పాసైంది. వాళ్ల సెక్షన్‌లో ఇంటర్ లెక్కల్లో 75కి 75 తెచ్చుకున్న ఒకబ్బాయి ఫెయిలయ్యాడని చెప్పింది. నాకు ఆశ్చర్యమేమీ లేదు. మన ఇంటర్ పేపర్లో ఏడు మార్కుల ప్రశ్నలు ఏ అధ్యాయం నుంచి ఏ రకంగా వస్తాయో పిల్లలకు ముందే తెలుసు. మోడల్ తెలిసి చేసినవాడికీ, లెక్క తెలిసి చేసినవాడికీ మార్కులు ఒకటే పడతాయి. అక్కడికి వెళ్లాక తేడా తెలుస్తుంది.

ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కు ఇంటర్‌లో ఏ సబ్జెక్టూ సిద్ధం చేయదు. ఆమెకు అది తేలికైంది. జీవశాస్త్రం రికార్డులో బొమ్మలు గీసిన చేయి, స్టేటర్ విప్పి లోపల చూసిన కన్ను రెండూ అక్కడ కలిశాయి. బైపీసీ చెప్పిన ఆ టీచర్ చూసింది తప్పు కాదన్నమాట. ఇబ్బంది పడింది సీ ప్రోగ్రామింగ్‌లో. సీబీఎస్ఈలో ప్లస్ టూ చదివినవాళ్లకు ఐదో సబ్జెక్టుగా కంప్యూటర్ సైన్స్ తీసుకునే వీలుంటుంది, మన ఎంపీసీలో అలాంటి గడి లేదు. ఎప్‌సెట్ అయ్యాక కాలేజీ తెరిచేలోపు నెలలు ఖాళీగా ఉంటాయి. ఆ టైమ్‌లో లూపులు, అర్రేలు నేర్చుకొమ్మని చెప్పి ఉండాల్సింది. అదీ తోచలేదు నాకు.

మొన్న రెండో సెమిస్టర్ మధ్యలో ఒక ఫొటో పంపింది. వాళ్లకిప్పుడు ఆర్డినరీ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు నడుస్తున్నాయి. కాగితం మీద గుండ్రటి ట్యాంకు, అడుగున నల్లా. నల్లాలోంచి పోయే నీళ్లు ఎత్తు వర్గమూలానికి అనుపాతంలో ఉంటాయని తీసుకుని సమీకరణం రాసింది. సగం దాకా సాధించి ఆగిపోయింది. కింద తెలుగులో ఒక ప్రశ్న: "సార్, నల్లా ముప్పై లీటర్లు అని మీరు చెప్పింది ట్యాంకుల నీళ్లు ఎంత ఎత్తున్నప్పుడు?"

ఆ లెక్కలో నేను ఆ ఎత్తు ఎప్పుడూ ఇవ్వలేదు.